కుదిరిన రంగు

మధ్యాహ్నం భోజనాల వేళ మేకప్ తుడుస్తుంటే, దూదికి రంగుతో పాటు హీరో చెంప మీది చర్మం కూడా ఊడి వచ్చింది.

మేకప్పక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో పట్టిన పెట్టె. ఇప్పుడు మనవరాలు బడికి వెళుతోంది. ఇన్నేళ్ళలో ఎందరి మొహాలు తుడిచిందో ఆమెకే తెలియదు. దూదికి చెమట అంటేది, కాటుక అంటేది, ఏడుపు సీను అయిపోయినా ఆగని కన్నీళ్ళు అంటేవి. తోలు అంటడం ఇదే మొదలు. నల్లటి రంగు మధ్యలో ఉల్లిపొర లాంటి ముక్క. అది ఊడిన చోట చెంప పచ్చిగా, ఎర్రగా, తడిగా మెరుస్తోంది.

"అక్కా, మండిపోతోంది. తొందరగా కానివ్వు," అన్నాడు హీరో, కళ్ళు మూసుకునే.

"బాబూ..." అంది. 

హీరో కళ్ళు తెరిచాడు. చుట్టూ బల్బులు వెలుగుతున్న అద్దంలో తన మొహం చూసుకున్నాడు. అరవలేదు. ఏమైందని అడగలేదు కూడా. అరిచింది వెనక సోఫాలో కాళ్ళు బారజాపుకుని ఫోను చూసుకుంటున్న అతని బావమరిది.

ఆ అరుపుకి స్టూడియో ఫ్లోరు మీదున్న జనమంతా తింటున్న చేతులతోనే మేకప్ గది గుమ్మం దగ్గరికి వచ్చిపడ్డారు.

"రంగులో ఎవడో ఏదో కలిపాడు," అన్నాడు బావమరిది. హీరో డేట్లు చూసేది, హీరో తరఫున నవ్వేది, హీరో తరఫున కోప్పడేది అతనే. "యాసిడ్ లాంటిది. చూడండి, మా బావ మొహం చూడండి. ఈ మొహం మీద ఎంతమంది బతుకుతున్నారో తెలుసా మీకు?"

జనాన్ని తోసుకుంటూ ప్రొడక్షన్ మేనేజరు లోపలికి వచ్చాడు. చెంప చూశాడు, పెదవి కొరుక్కున్నాడు. అతను అడిగిన మొదటి ప్రశ్న డాక్టరు గురించి కాదు.

"పొద్దున ఈ మేకప్ పెట్టె మోసుకొచ్చింది ఎవరు?"

 గుమ్మంలో ఉన్న తలలన్నీ ఎవరో తాడు కట్టి లాగినట్టు ఒకేసారి వెనక్కి తిరిగాయి. అందరి వెనక, సగం తిన్న పళ్ళెం పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

అతన్ని అక్కడ అందరూ నీడ అంటారు. హీరోకి డూప్. హీరో నిలబడాల్సిన చోట ముందుగా వెళ్ళి నిలబడతాడు. కెమెరామన్ అతని మీద లైట్లన్నీ సరిచూసుకుంటాడు. హీరో రాగానే పక్కకి తప్పుకుంటాడు. నల్లటి మనిషి, దగ్గరగా చుట్టుకున్న ఉంగరాల జుట్టు. వంతెన అవతలి వాడు. ఆ నగరంలో ఒక మనిషి గురించి అంతకంటే ఎవరూ ఏమీ అడగరు. వంతెన అవతలి జనం రంగు వేరు, ముక్కు వేరు. ఇవతలికి వచ్చి తరాలు గడిచినా వాళ్ళు ఇంకా అవతలి వాళ్ళే. వాళ్ళకి అద్దెకిచ్చే గది ఎప్పుడూ వెనక మెట్ల వైపే ఉంటుంది. బస్సులో వాళ్ళ పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంటుంది.

తీస్తున్న సినిమా కూడా సరిగ్గా దాని గురించే. మహానగరంలో ఒక్క రోజు కథ. ఒక దుకాణదారు, ఒక పోలీసు, ఒక డాక్టరమ్మ, ఒక టాక్సీ డ్రైవరు, అందరి బతుకులూ ఒక దొంగతనం చుట్టూ తిరుగుతాయి. చెయ్యని ఆ దొంగతనానికి వంతెన అవతలి మనిషి ఒకడు బలైపోతాడు. హీరోది ఆ వేషం. ఆ మేకప్ గది గుమ్మం మీద డైరెక్టరు పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి పెట్టాడు: ఇక్కడ అందరూ మనుషులే.

ఆ బోర్డు కింద నిలబడి అందరూ నీడ వైపు చూశారు. మేకప్పక్క కూడా చూసింది.

ఒక్క క్షణమే. వెంటనే కళ్ళు దించుకుంది. కానీ అప్పటికే అతను చూడాల్సింది చూసేశాడు. మిగతా వాళ్ళ చూపులు అతని మీద నుంచి జారిపోతాయి, వాటికి అలవాటుపడ్డ ఒళ్ళు అది. ఈ చూపు మాత్రం దిగబడింది. ఎందుకంటే అతను మేకప్పక్క కూతురి మొగుడు.

"నేనేం కలపలేదు సార్," అన్నాడు నీడ.

"పెట్టె మోసింది నువ్వేగా?"

"రోజూ నేనే మోస్తాను. అత్తయ్యకి నడుం నొప్పి."

"అబ్బో, ఏం సేవ," అన్నాడు బావమరిది. "ఈ జాతే అంత. మొహం మీద నవ్వుతూనే ఉంటారు, కడుపులో కత్తి దాచుకుని."

నీడకి పగ ఉండటానికి కారణం ఏమిటో అక్కడ టీ గ్లాసులు కడిగేవాడికి కూడా తెలుసు. ఆ వేషం మొదట నీడదే. డైరెక్టరు అతన్ని ఏరికోరి తెచ్చుకున్నాడు, రిహార్సళ్ళు చేయించాడు, దొరికాడయ్యా నా మనిషి అని పదిమందికీ చెప్పుకున్నాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చి చూసి, నటన బ్రహ్మాండం, కానీ రెండున్నర గంటలు ఆ మొహాన్ని ఎవరు చూస్తారండీ అన్నారు. దాంతో తెల్లటి హీరో వచ్చాడు, అతన్ని నల్లగా చెయ్యడానికి మేకప్పక్క వచ్చింది, అసలైన నలుపు డూప్ అయి కూర్చుంది.

ఆ రంగు కలపడానికి మేకప్పక్కకి ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున అల్లుణ్ణి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, అతని మొహం చూస్తూ డబ్బాలో రంగు కలిపేది. కలిపాక వేలితో ఒక బొట్టు అతని దవడ మీద పెట్టేది. బొట్టు కనిపిస్తే ఇంకా కుదరలేదన్నమాట. చర్మంలో కలిసిపోయి మాయమైతే కుదిరినట్టు. అప్పుడు అదే రంగు హీరో మొహానికి, మెడకి, చివర్లో చేతులకి వేసేది.

నిన్న ఆ బొట్టు పెడుతుంటే హీరో అద్దంలోంచి చూసి ఒక జోకు వేశాడు. "నాకు సాయంత్రానికి పోతుంది తమ్ముడూ. నీకే పాపం." గదిలో అందరూ పగలబడి నవ్వారు. నీడ కూడా నవ్వాడు. మేకప్పక్క నవ్విందో లేదో ఇప్పుడు ఆమెకి గుర్తు లేదు. గుర్తు చేసుకోవాలనీ లేదు.

డైరెక్టరు ఎక్కణ్ణుంచో పరుగున వచ్చాడు. సంగతి విని రెండు చేతులూ పైకెత్తాడు. "ఆగండి, ఆగండి. మనిషి రంగు చూసి అనుమానించడమా? మనం తీస్తున్న సినిమా ఏమిటి, మనం చేస్తున్నదేమిటి? నేను ఒప్పుకోను." అంతా తలలు దించుకున్నారు. ఆయన గడ్డం నిమురుకుని, గొంతు తగ్గించి, మేనేజరుతో అన్నాడు: "కానీ పోలీసులు వచ్చేదాకా అతన్ని ఎక్కడో ఒకచోట ఉంచడం మంచిది. అతని మంచికే చెబుతున్నా."

"ఎక్కడ ఉంచమంటారు? స్టోరు గదిలో కెమెరా సామాను ఉంది. వీణ్ణి అందులో పెడితే దాన్ని ఎవరు కాయాలి?"

"లాకప్ సెట్టు ఉందిగా సార్," అన్నాడు సెట్టు వేసిన వడ్రంగి. "తాళం నిజందే వేశాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ ఇంతకంటే మంచి ఆలోచన ఎవరికీ రాలేదు.

అలా నీడని తీసుకెళ్ళి సినిమా లాకప్‌లో పెట్టి తాళం వేశారు. ముందు వైపు ఇనుప ఊచలు నిజమైనవే. మిగతా మూడు గోడలూ ప్లైవుడ్డు. రాతి గోడల్లా కనపడాలని బూడిదరంగు పూసి, తేమ మరకలు దిద్దారు. వెనక రెండు కర్రలు దన్ను పెట్టారు. గట్టిగా ఒక్క తోపు తోస్తే వెల్లకిలా పడిపోయే గోడ అది. నీడ ఆ గోడకి వీపు ఆనించను కూడా ఆనించలేదు. పొరపాటున పడిందంటే పారిపోబోయాడంటారు. నేల మీద మధ్యలో గొంతుక్కూర్చున్నాడు.

డాక్టరు వచ్చి హీరో మొహం మీద మిగిలిన రంగంతా కడిగి, మందు పూసి, గాజుగుడ్డ పరిచి, కారవాన్‌లో పడుకోబెట్టి వెళ్ళాడు. పోలీసులు దారిలో ఉన్నారు. ఫ్లోరు మీద లైట్లు వెలుగుతూ ఉన్నాయి, పని మాత్రం ఆగిపోయింది. మేనేజరు గడియారం చూసుకుని నిట్టూర్చాడు.

డైరెక్టరు లాకప్ ముందు అటూ ఇటూ తిరుగుతున్నవాడు ఉన్నట్టుండి ఆగాడు. తల పక్కకి వాల్చి ఊచల్లోంచి చూశాడు. కెమెరామన్‌ని చిటికేసి పిలిచాడు.

"చూడు. ఆ వీపు చూడు, ఆ భుజాలు చూడు. మనవాడు పది టేకులు చేసినా రాదు ఇది."

"వెనక నుంచి తీస్తే ఎవరికీ తెలీదు సార్. రేపటి సీను ఇవాళే అయిపోతుంది."

మేకప్పక్క తన చెవుల్ని తాను నమ్మలేదు. కెమెరా ట్రాలీ కదిలింది. అనుమానం మీద బంధించిన మనిషిని, అనుమానం మీద బంధించిన మనిషిగా సినిమా తీస్తున్నారు.

"బాబూ, నిన్నేం ఇబ్బంది పెట్టం," అన్నాడు డైరెక్టరు ఎంతో ఆప్యాయంగా. "నువ్వు నువ్వుగా ఉండు చాలు. కాస్త తల దించు... ఆఁ, అంతే."

నీడ తల దించాడు.

అప్పుడే మేకప్పక్క జేబులో ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, ఆయన ఫోను తీయట్లేదేంటి?"

"షాట్‌లో ఉన్నాడే." అబద్ధం కాదు. 

"డూప్‌కి షాటేంటి? ఏమైందమ్మా? నీ గొంతు బాలేదు."

"ఏం కాలేదు. సాయంత్రం ఇంటికి తీసుకొస్తాను."

"తీసుకురావడమేంటి? ఆయనేమైనా చిన్నపిల్లాడా?" కూతురు గొంతు తగ్గించింది. "ఎవరైనా ఏమన్నా అన్నారా? నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

పక్కనే ఉన్నాను, అనలేకపోయింది. బడిలో ఫోటో తీసే రోజు మనవరాలి మొహానికి పౌడరు కాస్త దట్టంగా అద్దిందని ఇదే కూతురు తనతో వారం మాట్లాడలేదు. ఇవాళ తను ఎటు చూసిందో తెలిస్తే ఇక మాటే ఉండదు. ఇక్కణ్ణుంచి అల్లుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాలి, లేదంటే ఆ గుమ్మం తొక్కే మొహం తనకి లేదు. ఫోను పెట్టేసి మంచినీళ్ళ సీసా తీసుకుని ఊచల దగ్గరికి నడిచింది.

షాట్ అయిపోయి అంతా అవతలికి వెళ్ళారు. నీడ సీసా అందుకున్నాడు, తాగలేదు.

"మీరు కూడా చూశారు అత్తయ్యా."

"అది కాదయ్యా..."

"పర్లేదండి. అందరూ అటు తిరిగితే మెడ దానంతటదే తిరుగుతుంది." చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయింది. "ఒక్కటి మాత్రం అడుగుతాను. పొద్దుటి బొట్టు ఇంకా నా దవడ మీదే ఉంది. ఆ రంగులో ఏదో కలిస్తే నాకూ మండాలి కదా? మేనేజరుకి చెప్పాను. ఏదిరా బొట్టు, నాకేం కనపడట్లేదే అన్నాడు."

 ఊచల్లోంచి చెయ్యి పెట్టి, దూదితో అతని దవడ తుడిచింది. దూదికి రంగు అంటింది. కింద చర్మం పసిపిల్లాడి చర్మంలా ఉంది, చిన్న మంట మచ్చ కూడా లేదు.

అక్కడే నిలబడిపోయింది. రంగు మంచిదే. మరి ఆ చెంప?

మొహం తర్వాత చేతులకి వేసింది, అదే డబ్బాలోంచి. చేతులు మండుతున్నాయని హీరో అనలేదు. పోనీ మొహానికి మాత్రమే ఇంకేదైనా తగిలిందా అనుకుంటే, ఇవాళ పొద్దున ఆ మొహం మీద తను చూసిందేమిటి? కణతల దగ్గర వెంట్రుకలు. కనుబొమల చివర్లు. ఎండిన గడ్డిలా రాగిరంగు. నాలుగైదు రోజులుగా చూస్తూనే ఉంది. జుట్టుకి వేసిన రంగు పోతోంది కాబోలు అనుకుని నల్ల పెన్సిలు దిద్ది ఊరుకుంది. కప్పడమే ఆమె పని. ఎందుకని అడగడం ఎప్పుడూ ఆమె పని కాలేదు.

పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే రోజుల్లో చూసింది ఆ రాగిరంగుని. మొహం తెల్లబడాలని బ్లీచ్ రాసి, తెల్లబడలేదని మళ్ళీ రాసి, కడిగేసరికి కణతల దగ్గర వెంట్రుకలన్నీ అలాగే పాలిపోయేవి.

పెట్టె పట్టుకుని కారవాన్ దగ్గరికి వెళ్ళింది. మెట్ల దగ్గర బావమరిది ఫోనులో ఎవరో పత్రికవాడికి చెబుతున్నాడు: "అవునండీ, అవతలి వాడే. ఇంకెవరు చేస్తారు? రాసుకోండి." ఆమెని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబు చేతుల రంగు తుడవాలి," అంది. చెయ్యి తప్పుకుంది. మేకప్పక్కకి ఆ సౌకర్యం ఎప్పుడూ ఉంది. ఆమె ఎక్కడికి వెళ్ళినా పని మీద వెళ్ళినట్టే ఉంటుంది.

హీరో గాజుగుడ్డ కింద నుంచి పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. ఆమె మాట్లాడకుండా అతని కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తుడిచింది. తర్వాత ఎడమది.

"చేతులు బాగున్నాయి బాబూ."

ఆమె దూది పక్కన పెట్టింది.

"ఇవాళ పొద్దున మొహానికి ఏం రాసుకుని వచ్చారు?"

అతని చేతి వేళ్ళు ఆమె ఒళ్ళో ముడుచుకుపోయాయి. పైకప్పు మీంచి చూపు దించి అన్నాడు: "ఎవరితోనైనా అన్నావా?"

"ఇంకా లేదు."

"అనకు అక్కా. నీకేం కావాలో చెప్పు."

"మా అల్లుడు కావాలి."

"అతనికేం కాదు. రెండు రోజులు ఉంచుకుని వదిలేస్తారు. నేను మాట్లాడతాగా."

"వంతెన అవతలి వాళ్ళని రెండు రోజులు ఉంచుకుని వదిలేస్తే, ఏ రూపంలో వదిలేస్తారో మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు హీరో.

ఆ మాట మరీ వెంటనే వచ్చింది. తెలుసుకున్నవాడి మాటలా లేదు, ఇంట్లో చూసినవాడి మాటలా ఉంది. మేకప్పక్క అతని కళ్ళలోకి చూసింది. అతను గోడ వైపు తిరిగాడు. కింద పోలీసు జీపు ఆగిన చప్పుడైంది. ఆమె దూదీ నూనె సీసా పెట్టెలో సర్దుకుని లేచింది.

"మీరు చెప్పకపోతే నేను చెబుతాను బాబూ."

"నిన్నెవరు నమ్ముతారక్కా?" అన్నాడు గోడతో. వెటకారం కాదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు.

ఇన్‌స్పెక్టరు లాకప్ సెట్టు ముందు నిలబడి మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు. "మా స్టేషన్‌లో దానికంటే బాగుంది," అన్నాడు. మేనేజరు నవ్వాడు, డైరెక్టరు నవ్వాడు. ఊచల మీద దింపిన లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది. హీరో సంతకం ఒక్కటే తక్కువ. బావమరిది తీసుకురావడానికి వెళ్ళాడు.

మేకప్పక్క వెళ్ళి ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడింది.

"రంగు కలిపింది నేను. డబ్బా మూత తీసింది నేను, వేసింది నేను. మొహానికి పూసింది కూడా నా చేత్తోనే. తీసుకెళితే నన్ను తీసుకెళ్ళండి."

ఇన్‌స్పెక్టరు ఆమెని పైనుంచి కిందికి చూశాడు. నెరిసిన జుట్టు, పసిమి ఛాయ, గుండ్రటి కళ్ళజోడు. నవ్వాడు.

"నువ్వెందుకు చేస్తావమ్మా?"

"అతనెందుకు చేస్తాడు?"

"చేస్తాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంతే. ఇంకో మాట జోడించాల్సిన అవసరం ఉందని అతనికి తోచలేదు.

దవడ మీద బొట్టు సంగతి చెప్పింది. దూది చూపించింది. మొహం తర్వాతే చేతులకి వేశానని, చేతులకేం కాలేదని చెప్పింది. ఇన్‌స్పెక్టరు టీ తాగుతూ ఓపిగ్గా విన్నాడు, పెద్దావిడ కదా అని.

"వీడికి బొట్టు పెట్టాక కలిపుంటాడు."

"ఆ తర్వాత డబ్బా నా చెయ్యి దాటలేదు."

మేనేజరు దగ్గరికి వచ్చి, ఆమెకి వినపడేలాగే ఇన్‌స్పెక్టరుతో గొణిగాడు. "అల్లుడండీ. పిల్లనిచ్చుకుంది కదా, ఏదో ఒకటి చెప్పాలిగా. ఇన్నాళ్ళూ మనలో మనిషిలా ఉండేది."

మేకప్పక్కకి నవ్వొచ్చింది. తప్పు నాదంటే నమ్మలేదు, ఎందుకంటే తను ఇవతలి మనిషి. నిజం చెబితే నమ్మలేదు, ఎందుకంటే తను ఇక ఇవతలి మనిషి కాదు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముంది? ఇన్‌స్పెక్టరు టీ గ్లాసు పూర్తయ్యేంత.

"హీరో గారి గాజుగుడ్డ పక్కకి జరిపి కణతలు చూడండి," అంది, అందరికీ వినపడేలా. "నా మాట నమ్మొద్దు. ఆ వెంట్రుకలు చూడండి చాలు."

"ఏముంది కణతల్లో?" అన్నాడు డైరెక్టరు చిరాగ్గా.

జవాబు చెప్పేలోపే బావమరిది భుజం పట్టుకుని హీరోని నడిపించుకొచ్చాడు. మేనేజరు కుర్చీ వేశాడు. అతను కూర్చోలేదు. బావమరిది కాగితం ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చాడు.

"ఇక్కడ బావా. ఒక్క సంతకం. మిగతాది వీళ్ళు చూసుకుంటారు."

హీరో పెన్ను పట్టుకున్నాడు. చూపు కాగితం మీద నుంచి లేచి ఊచల మీదికి వెళ్ళింది. లోపల నీడ తల ఎత్తాడు. కెమెరామన్ సరిచూసి పెట్టిన వెలుగు నేరుగా అతని మొహం మీద పడుతోంది. నెల రోజులుగా ప్రతి పొద్దునా అద్దంలో హీరోకి కనబడుతున్న మొహం అదే. ఆ రంగే. నీడ ఏమీ అడగలేదు. కోపంగా కూడా చూడలేదు. కొత్తగా వచ్చిన మనిషి తన పక్క సీటులో కూర్చుంటాడా, నిలబడే ఉంటాడా అన్నట్టు చూశాడు, అంతే.

హీరో పెన్నుకి మూత పెట్టాడు. ఒక్కో కొసా పట్టుకుని గాజుగుడ్డ తీసేశాడు. నాలుగడుగులు వేసి ఆ లైటు కిందికి వెళ్ళి, కణత అందరికీ కనపడేలా మొహం పక్కకి తిప్పి నిలబడ్డాడు.

"అక్క చెప్పింది నిజం. ఎవరూ ఏమీ కలపలేదు. నేనే రాసుకున్నాను. తెల్లబడే క్రీము. పొద్దున బయల్దేరే ముందు రాసి, ఉంచాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉంచేశాను. కడిగేటప్పటికే పైకి కనపడకుండా చర్మం ఉడికిపోయింది. దాని మీద రంగు పడింది, దాని మీద మీ లైట్లు పడ్డాయి.

"నిన్న మొన్న మొదలైంది కాదు. మీసం రాకముందు నుంచీ రాస్తున్నా. మా అమ్మ వంతెన అవతలి మనిషి. నువ్వలా నోరెళ్ళబెట్టకురా బామ్మర్దీ, మీ అక్కక్కూడా తెలీదు. నాన్న ఇవతలి వాడు. నాకు ఆయన ముక్కొచ్చింది, అమ్మ రంగొచ్చింది. మొదటిసారి రాసింది మా అమ్మే, వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి. మండుతుందిరా, ఓర్చుకో, ఒక్కసారి ఇవతలి వాడివైపోతే ఇక జన్మలో నిన్నెవరూ ఏమీ అడగరు అంది. నిజమే. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇవాళ కూడా అడగలేదు చూశారా? మొహం నాది, కాలింది నాది, ఏం రాసుకున్నావయ్యా అని ఒక్కరు నన్ను అడిగారా?

"ఈ వేషం వద్దందామనుకున్నాను. వద్దంటే ఎందుకంటారని భయమేసింది. రోజూ అక్క రంగు వేయడం అయ్యాక అద్దంలో మా మేనమామ కూర్చుని ఉండేవాడు. ఆయన్ని కూడా ఇలాగే తీసుకెళ్ళారు, రెండు రోజులకి వదిలారు. ఆ తర్వాత ఆయన నిటారుగా నడవలేదు. సాయంత్రం ఎంత కడుక్కున్నా ఆ మొహం పోయినట్టు అనిపించేది కాదు, అందుకే మోతాదు పెంచాను. నాకు సాయంత్రానికి పోతుంది అని నిన్న జోకు వేశానే, అది ఇతన్ని ఏడిపించడానికి కాదు. నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను.

"దూదికి చర్మం రాగానే చెప్పేద్దామనే అనుకున్నాను. ఒట్టు, నోరు కూడా తెరిచాను. కానీ నేను మాట్లాడేలోపే మీరంతా అటు తిరిగారు. డైరెక్టరు గారూ, మీరింకా రాలేదు, వచ్చాక మీరూ తిరిగారు. అక్కా, నువ్వూ తిరిగావు. నేను ఇతని పేరు చెప్పలేదు ఇన్‌స్పెక్టరు గారూ. చెప్పాల్సిన పనే పడలేదు. నేను చేసిందల్లా మీ అందరితో పాటు అటు చూడటం. మీరు అతని వైపు చూస్తున్నంతసేపూ నా వైపు చూడరు కదా. చిన్నప్పటి నుంచి నేను బతికింది అలాగే."